యాభై ఎనిమిది అర్జీలు, ఒక్క చెయ్యి

కొత్త ఏటిపల్లి (గద్వాల జిల్లా),
2024 జులై 8.

బంగారు తల్లి సుహాసినికి,

నువ్వు చల్లగా ఉన్నావని, కొలువులో చేరావని చదివి మన ఇంట్లో పండుగ అయింది. మీ నాయిన ఇప్పటికి నాలుగుసార్లు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. వనపర్తిలో నీకు కుర్చీ, బల్ల, బల్ల మీద కంప్యూటరు! పైన పంకా! పని ఏమిటంటే పాత కాగితాలు చదవడం! ముప్పై నాలుగేళ్లు టపా సంచి భుజాన వేసుకుని ఎండలో తిరిగిన నాకు, ఏడో తరగతి దాటని నాకు, ఇట్లాంటి బిడ్డ పుట్టిందంటే ఎవరి పుణ్యమో చెప్పు.

నీ ఉత్తరం పట్టుకుని హోటలు కాడ చదివి వినిపించాను. బస్సుకు నిలబడినవాళ్లు కూడా వచ్చి విన్నారు. ఒకరిద్దరికి బస్సు పోయింది. మీ అమ్మ వచ్చి నా చెవి దగ్గర నోరు పెట్టి, "బిడ్డ నౌకరి ముచ్చట వడ్డేపల్లి దాంక ఇనొచ్చింది, ఇంగ సాలుగాని ఇంట్లకు రా" అని లాక్కుపోయింది.

చెవులు పోయాక ఫోను నాకు పనికిరాని వస్తువైంది. పోతే పోయింది. దానివల్లనే కదా నెలకు రెండు ఉత్తరాలు రాస్తానని నువ్వు మాటిచ్చావు. పక్కింటి ఈరమ్మత్త నీ సంగతి విని సంతోషపడి ఒక ప్రశ్న అడిగింది. "కంపూటరు సదువుతదంటవు, దానికి నోరెక్కడ ఉంటది?" అని. జర వివరంగా రాయి. అందరికీ చెప్పాలి.

మీ నాయిన,
మాసయ్య

*

వనపర్తి,
2024 జులై 21.

నాయినకు,

ఈరమ్మత్తకు చెప్పు: దానికి నోరు లేదు, కన్ను ఉంది. పాత కాగితాన్ని ఫొటో తీసి ఇస్తే అక్షరాలను గుర్తుపట్టి టైపు చేస్తుంది. చెరిగిపోయిన చోట మేము సరిదిద్దుతాం. ఆ తర్వాత ఇంకో ప్రోగ్రాం ఉంది. అది మనుషుల మాటతీరును లెక్కగడుతుంది. ఎవరు ఏ మాట ఎక్కువ వాడతారు, ఒక మాట తర్వాత ఏ మాట వేస్తారు, వాక్యం ఎంత పొడుగు లాగుతారు, ఇవన్నీ. నువ్వు దూరం నుంచి నడక చూసి ఫలానా మనిషి వస్తున్నాడని చెప్తావు కదా, అట్లా. సంతకం లేకపోయినా, ఈ రెండు కాగితాలూ ఒక్కరే రాశారని చెప్పగలదు.

ఇప్పుడు మా చేతిలో ఉన్న పని నీకు దగ్గరిదే. నలభై నాలుగేళ్ల కింద ఏటి ముంపులో పోయిన ఊళ్ల అర్జీలు నాగర్‌కర్నూల్‌లో ఒక పాత గదిలో దొరికాయి. తొమ్మిది వందలకు పైన ఉన్నాయి. చేతిరాతవి వానకు తడిసి పోయాయట. ఆఫీసులో అప్పుడు టైపు కొట్టించిన నకళ్లు, వాటి కింద వేసిన వేలిముద్రలు, ఇవే మిగిలాయి. మన ఊళ్లో ఇల్లు కట్టుకుని ఉంటున్న జాగాలకు పట్టాలు లేనివాళ్లు చాలామంది ఉన్నారు కదా. ఇన్నాళ్లకు వాళ్ల కోసం విచారణ పెట్టారు. పాత ఊళ్లో ఇల్లు ఉన్నట్టు ఆనాటి అర్జీ రుజువైతే పట్టా ఇస్తారు. కాకపోతే జాగా ప్రభుత్వానిదే. అర్జీలు అసలైనవో కావో చదివి చెప్పే పని మాకు అప్పగించారు.

నిన్న ఒక విషయం బయటపడింది. వాటిలో యాభై ఎనిమిది అర్జీలు, ఆరు ఊళ్లవి, ఒక్క మనిషే రాశాడని ప్రోగ్రాం చూపించింది. మా పెద్దాయన విజయ్ సార్ ఎగిరి గంతేశారు. "ఎవడో బ్రోకరు కూర్చుని పుట్టించిండు ఇవన్నీ. ఒక్కడు రాసినవి యాభై ఎనిమిది మంది కష్టాలెట్ల అయితయి?" అన్నారు. మన ఊరివి అందులో ఇరవై మూడు ఉన్నాయి.

నాయినా, ఆ రోజుల్లో మన దిక్కు అర్జీలు ఎవరు రాసేవారో నీకు గుర్తుందా?

సుహాసిని

*

కొత్త ఏటిపల్లి,
2024 ఆగస్టు 2.

బంగారు తల్లికి,

నువ్వు చల్లగా ఉన్నావని, పని బాగా సాగుతోందని చదివి నాయిన గుండె నిండిపోయింది. ఇక్కడ వానలు మంచిగా పడ్డాయి. పత్తి మోకాలెత్తు లేచింది. అమ్మ నడుము నొప్పి తగ్గింది. అందరం సంతోషంగా ఉన్నాం. చాలా సంతోషంగా ఉన్నాం.

నువ్వు అడిగింది నాకు గుర్తులేదమ్మా. నలభై నాలుగేళ్ల మాట. ఎవరో రాసేవాళ్లు. పోయి ఉంటారు.

ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను, ఆ కంప్యూటరు పేరు కూడా చెప్తుందా? ఫలానా ఊరు, ఫలానా మనిషి అని? ఒక్కొక్కసారి తప్పు చెప్తుందా? యంత్రం కదా, మన పిండిగిర్నీ కూడా రాళ్లు వదిలేస్తుంది. ఆ రాసినవాడు బతికి ఉంటే వాణ్ణి ఏం చేస్తారు? వాడు డబ్బు తీసుకోకుండా రాసి ఉంటే అప్పుడు కూడా బ్రోకరే అంటారా? వేలిముద్రలు ఉన్నాయన్నావు. వాటిని కూడా చూస్తారా?

నీ ఈ ఉత్తరం హోటలు కాడ చదవలేదు. మీ అమ్మకు కూడా పూర్తిగా చదవలేదు. ఈరమ్మత్తకు దానికి కన్ను ఉందని మాత్రం చెప్పాను. "కన్నుంటే మంచిగనే ఉంది, నోరుంటేనే బాధ" అంది.

ఇంకో మాట. నా ఉత్తరాలు దాస్తున్నావా? ఎందుకు తల్లీ, చోటు దండగ. చదివి చింపెయ్యి. బల్ల మీద పెట్టకు.

అన్నం సరిగ్గా తిను. నేను కూడా తింటున్నాను.

మీ నాయిన

*

నాగర్‌కర్నూల్,
2024 ఆగస్టు 14.

నాయినకు,

వారం రోజులుగా ఇక్కడే ఉన్నాను, ఆ పాత గదిలో. చెదలు దులిపి కాగితాలు ఫొటోలు తీస్తున్నాం.

నువ్వు అడిగినవాటికి జవాబు రాస్తున్నాను. కంప్యూటరు పేరు చెప్పదు. కానీ ఆ మనిషి రాసిన వేరే కాగితం ఏదైనా ఇస్తే, ఇదీ అదీ ఒకరివే అని చెప్తుంది. తప్పు చెప్తుందా అంటే, చెప్తుంది. ఈ యాభై ఎనిమిది విషయంలో మాత్రం చెప్పలేదనిపిస్తోంది.

విజయ్ సార్ నివేదిక రాయడం మొదలుపెట్టారు. యాభై ఎనిమిదీ కొట్టివేయాలని, రాసినవాడి మీద పోలీసు విచారణ జరగాలని అందులో ఉంది. నిన్న జాబితా నాచేతనే టైపు చేయించారు. మన వీధి మొత్తం నా వేళ్ల కింద పోయింది నాయినా. ఇస్రాయేలు తాత, జంగయ్య మామ, ఈరమ్మత్త భర్త కురుమయ్య. ఈరమ్మత్త ఇల్లు కట్టుకున్న జాగా ఆ కురుమయ్య అర్జీ మీద చూపించిందే. వేలిముద్రలను కూడా ఒకదానితో ఒకటి పోల్చి చూస్తారట. ఒకే వేలు రెండు చోట్ల ఉంటే దొంగ ముద్ర అని తేలిపోతుంది. సాక్షులుగా ఎవరు వచ్చినా వాళ్ల ముద్ర కూడా తీసుకుంటారు.

సెప్టెంబరు ఇరవైకి నివేదిక వెళ్లిపోతుంది.

చింపెయ్యమన్నావు కదా నీ ఉత్తరాలు. చింపలేదు. సంచి అడుగున బట్టల మధ్య పెట్టుకున్నాను. ఎవరైనా నా బల్ల వైపు నడిచొస్తే చాలు, సంచిని కాలితో లోపలికి తోస్తున్నాను. నేనేమీ అడగను. నీకు చెప్పాలనిపిస్తే చెప్పు. తొందరగా చెప్పు.

సుహాసిని

*

కొత్త ఏటిపల్లి,
2024 ఆగస్టు 22.

తల్లీ,

నువ్వు చల్లగా ఉండాలి. అది ఒక్కటే సంతోషం ఇప్పుడు. మిగతాదంతా భయమే. మూడు రాత్రులుగా లేచి అరుగు మీద కూర్చుంటున్నాను. మీ అమ్మ దవాఖానకు పోదామంటుంది. దవాఖానలో దీనికి మందు ఉండదు.

ఆ యాభై ఎనిమిదీ నేనే రాశాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. టపా పనిలో కొత్త. ఆరు ఊళ్లలో ఉత్తరం వస్తే చదివి పెట్టేది నేనే, జవాబు రాసేది నేనే. ఊళ్లు మునుగుతాయని చాటింపు వేశాక టపా సంచి దించనిచ్చేవాళ్లు కాదు. "మాసయ్యా, నాకో అర్జీ రాయరాదే" అని గడప గడపకూ ఆపేవారు. నేను సంచి మోకాళ్ల మీద పెట్టుకుని దాని మీదనే రాశాను. ఒక్క పైసా ఎవరి దగ్గరా ముట్టలేదు. మజ్జిగ తాగాను.

వాళ్లు చెప్పేది ఒకటే మాట: "ఇల్లు వోతుంది, జాగ ఇయ్యుమను." అంతే. దాన్ని అర్జీగా చేసేది నేను. మా పాత పోస్టుమాస్టరు ఒక మాట చెప్పేవాడు, "అధికారి మొదటి రెండు లైన్లు మంచిగుంటేనే మూడోది చదువుతడు, ముందు సంతోషపెట్టు" అని. అందుకని ప్రతి అర్జీలో ముందు సంతోషం రాసేవాణ్ణి. అయ్యా, మీరు చల్లగా ఉన్నారని విని మా ఇంట్లో పండుగ చేసుకున్నాం అని. ఇల్లు మునుగుతున్నవాడు పండుగ చేసుకోవడమేమిటని అప్పుడు తోచలేదు. నా స్వభావం అట్లాంటిది. ఆ తర్వాత, "మీ ఇంట్లో మరచిపోలేనిది ఒకటి చెప్పండి" అని అడిగి వాళ్లు చెప్పింది నడుమ రాసేవాణ్ణి. చివరికి మళ్లీ నా దండాలు.

ఇది చెప్పడానికి నాకు భయం లేదు. వచ్చి నిలబడి నేనే రాశానని అంటాను. భయం ఇంకొకటి.

కురుమయ్య బావ అప్పటికే లేడు. అంతకు ముందు ఏడు, ఏరు దాటుతుంటే పుట్టి తిరగబడి కొట్టుకుపోయాడు. మనిషి దొరకలేదు. ఈరమ్మక్కకు ఇద్దరు పసిపిల్లలు. తన పేరు మీద అర్జీ రాయమంది. ఆడవాళ్ల పేరు నడవదు, ఇంటి యజమాని పేరు ఉండాలని నేనే అన్నాను. బావ పేరుతో, బతికి ఉన్నట్టు రాశాను.

తర్వాత టైపు చేసిన నకళ్ల మీద ముద్రలు తీసుకునే రోజు వచ్చింది. పొద్దున నా పేరు పిలిస్తే పోయి సంతకం చేసి వచ్చాను. మధ్యాహ్నం గుమాస్తా మారాడు. "కురుమయ్య" అని పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచాడు. చెట్టుకింద మూడు వందల మంది ఉన్నారు, ఒక్కరూ నోరు విప్పలేదు. ఈరమ్మక్క పిల్లలను పట్టుకుని నేల చూస్తోంది. మూడోసారి పిలిచి లేడని కొట్టేయబోయాడు. నా కాళ్లు నన్ను అడగకుండా లేచాయి. పోయి, సంతకం చేయడం వచ్చిన ఈ చేతితోనే బొటనవేలు ముంచి నొక్కాను. ఆ రోజు నుంచి ఈరోజు దాకా మా ఊరివాళ్లెవరూ ఆ సంగతి ఎత్తలేదు. నేను కూడా మీ అమ్మతో తప్ప ఎవరితోనూ అనలేదు.

ఇప్పుడు నేను సాక్షిగా వస్తే నా వేలు తీసుకుంటారు. ఆ వేలు కురుమయ్య కాగితం మీద దొరుకుతుంది. ఈరమ్మక్క ఇల్లు పోతుంది. దొంగ ముద్ర వేసినవాడి మాట ఎవరు నమ్ముతారు, మిగతా యాభై ఏడూ పోతాయి. రాకపోతే అన్నీ ఎట్లాగూ పోతాయి. అవి పోతే నీ చేత్తో టైపు చేసిన జాబితాతో పోతాయి. నాకు జైలు అంటే భయమే తల్లీ, అబద్ధమెందుకు. కానీ అంతకన్నా, నువ్వు ఈ కాగితం చదివి నన్ను ఏమనుకుంటావో అదే భయం.

మీ నాయిన

*

వనపర్తి,
2024 ఆగస్టు 30.

నాయినకు,

నాకు మొదటి రోజే తెలుసు.

ఏడో అర్జీయో ఎనిమిదోదో చదువుతున్నాను. తెరమీద అక్షరాలు కదులుతున్నాయి, నా చెవిలో నీ గొంతు వినిపించింది. మునిగిపోయే ఊరి నుంచి అంత సంతోషంగా అర్జీ పెట్టేవాళ్లు ఇంకెవరుంటారు? అయినా నమ్మబుద్ధి కాలేదు. అందరూ అన్నానికి వెళ్లినప్పుడు నీ పాత ఉత్తరాలు మూడు, పేరు తీసేసి లోపల వేశాను. పోయి సరిగ్గా ఆ యాభై ఎనిమిది మధ్యలో కూర్చున్నాయి. భయపడి వెంటనే తుడిచేశాను. ఎవరు రాసేవారో గుర్తుందా అని నిన్ను అడిగింది ఆ మర్నాడే. గుర్తులేదని నువ్వు రాసినప్పుడు నాకు ఇంకా భయమేసింది. ఇద్దరం ఒకరికొకరం దాచుకుంటూ వచ్చాం.

ఆ తర్వాత నేను ఒక పని చేశాను. యాభై ఎనిమిదింటిలోనూ ఉమ్మడిగా ఉన్నవన్నీ, అంటే నీ మాటలన్నీ, తీసేయమని ప్రోగ్రాంకు చెప్పాను. పండుగలు, దండాలు అన్నీ పోయాయి. ఒక్కో అర్జీలో రెండు మూడు వాక్యాలు మిగిలాయి. అవి ఒకదానితో ఒకటి ఏమాత్రం పోలలేదు. "గడపకు ఎడమపక్క మా తాత తొలిచిన రాతి తొట్టి ఉంది, గొర్రెలు అందులోనే తాగుతాయి." "వాన వస్తే పొయ్యి మూల ఒక్కటే తడవదు, అందరం అక్కడే నిలబడతాం." "పెరట్లో నా తొలిచూలు బిడ్డను పూడ్చాం, ఇల్లు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ జాగా గురుతు పెట్టండి." ఇవి ఒక్కడు కూర్చుని పుట్టించలేడు. పాత ఇళ్ల సర్వే పుస్తకం నాగర్‌కర్నూల్ గదిలోనే దొరికింది. ఆ రాతి తొట్టి అందులో ఉంది. పోల్చి చూడగలిగినవి ముప్పై ఒకటి, అన్నీ సరిపోయాయి.

కురుమయ్య అర్జీలో మిగిలింది ఇది: "నీళ్లు మోసేది ఈరమ్మ, గోడలు అలికేది ఈరమ్మ, కప్పు నేయించింది ఈరమ్మ." ఆయన గురించి ఒక్క ముక్క లేదు. మనిషి లేడని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఈ కాగితాలు విజయ్ సార్‌కు ఇవ్వాలంటే రాసినవాడు ఎవరో చెప్పాలి. చెప్తే, సొంత తండ్రి వ్యవహారమని నన్ను ఈ పనిలోంచి తీసేస్తారు. తీసేస్తే తీసేయనీ, దానికి నేను సిద్ధమే. కానీ నువ్వు రాకుండా, రాసింది ఎవరో ఒప్పుకోకుండా ఇవి నిలబడవు. నిన్ను రమ్మని అడిగే నోరు నాకు లేదు. రావద్దని అనే ధైర్యమూ లేదు. ఈరమ్మత్తను అడిగావా?

నిన్ను ఏమనుకుంటానో అని రాశావు. ఆ చెట్టుకింద మూడోసారి పిలిచినప్పుడు నేనున్నా లేచేదాన్ని. కానీ నాయినా, అత్త పేరు మీద ఒక్కసారి రాసి చూడాల్సింది.

సుహాసిని

*

కొత్త ఏటిపల్లి,
2024 సెప్టెంబరు 7.

తల్లికి,

నీ ఉత్తరం చదివితే సంతోషమో దుఃఖమో తెలియలేదు. చివరి వాక్యం రెండుసార్లు చదివాను. నిజమే. రాసి చూడాల్సింది.

నిన్న ఈరమ్మక్క దగ్గరకు పోయాను. అరుగు మీద పల్లికాయ ఒలుస్తోంది. మాట ఎట్లా మొదలుపెట్టాలో తెలియక పత్తి సంగతి, వాన సంగతి చెప్పాను. ఆమె ఒలుపు ఆపి నా చెవి దగ్గరకు వంగింది.

"ఏందిరా, సావు కబురు మోసుకొచ్చినోని లెక్క నిలవడ్డవు?"

"అక్కా, బావ వేలిముద్ర సంగతి బయట వడేటట్లుంది."

"పడితే?"

"నీ ఇల్లు పోతది."

"సెప్పకుంటే?"

"అందరివీ పోతయి."

"గట్లయితే నన్ను అడగనీకె వచ్చినవా, సెప్పి పోనీకె వచ్చినవా?"

అడగడానికే వచ్చానన్నాను. మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది. చాట సగం నిండింది. ఆ తర్వాత అంది:

"సచ్చినోణ్ణి నలభై నాలుగేండ్లు ఇంట్ల కూసోబెట్టినం. ఒక్కనాడు కట్టె కొట్టిండా, కడవెడు నీళ్లు తెచ్చిండా? పేరుకు మాత్రం ఇల్లు ఆయనది. ఇంగ పోనీ తమ్మీ ఆయన్ను. ఏట్లనే పోయిండని సెప్పు."

"నీ ఇల్లక్కా..."

"ఆనాడు నా పేరు రాయమంటె నడువదంటివి. అడిగినవా ఎవర్నన్న? అడగకనే అంటివి. ఇప్పుడు నడుస్తదో లేదో అడుగుదం పా. నేను సెప్త, నువ్వు రాయి. నీ పండుగలూ పబ్బాలూ ఏం పెట్టకు అండ్ల."

అర్జీ రాశాం. అంత కష్టమైన రాత నా జీవితంలో రాయలేదు. నా చెయ్యి ఊరికే సంతోషాల మీదికి పోతోంది. ఆమె మధ్యలో ఆపి, "ఏం రాసినవు? నేను అన్లే గది" అని కొట్టేయిస్తోంది. చదువు రాదు గానీ నా చెయ్యి ఎక్కువ దూరం పోతే కనిపెడుతోంది.

మీ విజయ్ సార్‌కు చెప్పెయ్యి. నేను వస్తాను. భయం తగ్గలేదు. భయంతోనే వస్తాను.

మీ నాయిన

*

గద్వాల, బస్టాండు,
2024 అక్టోబరు 16.

బంగారు తల్లికి,

బస్సుకు ఇంకా గంట ఉంది. ఈరమ్మక్క బెంచీ మీద కునుకు తీస్తోంది. మరిచిపోకముందే రాయాలని టీ కొట్టు బల్ల మీద రాస్తున్నాను. నిన్ను ఆ పనిలోంచి తప్పించి వేరే కాగితాలకు వేశారని, కొలువు మాత్రం తీసేయలేదని విజయ్ సార్ నాకు రాసి చూపించాడు. సంతోషం తల్లీ. ఎంత భయపడ్డానో!

విచారణ చేసింది ఒక మేడం. నాకు వినబడదని తెలిసి ప్రశ్న కాగితం మీద రాసి నా వైపు తోసింది. జవాబు నేను కింద రాయాలి. మొదటి ప్రశ్న: ఈ యాభై ఎనిమిది అర్జీలు నువ్వు రాసినట్టు రుజువేమిటి? ఏం రుజువు ఉంటుంది నా దగ్గర? ఏదో ఒకటి రాయాలని రాసి ఇచ్చాను. మేడం చదివి ఆ కాగితాన్ని విజయ్ సార్‌కు అందించింది. ఆయన రెండు లైన్లు చదివి తల పట్టుకున్నాడు. భయపడి తొంగి చూశాను. అప్పుడు తెలిసింది నేనేం రాశానో: "అమ్మా, మీరు చల్లగా ఉండి ఈ విచారణ చేపట్టారని విని మా ఇంట్లో పండుగ చేసుకున్నాం."

విజయ్ సార్ కాగితం మీద రాసి చూపించాడు: "ఈ లైను నాకు కంఠతా వచ్చింది పెద్దాయనా. ఇంగ వేరే రుజువు అక్కర్లేదు." ఆ తర్వాత నువ్వు తీసిన మిగులు వాక్యాలు, సర్వే పుస్తకం, అన్నీ ఆయనే మేడం ముందు పరిచాడు. బ్రోకరన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని కూడా రాసిచ్చాడు. మంచివాడే.

అప్పుడు వచ్చింది వేలిముద్రల సంగతి. మేడం రాసిన ప్రశ్న ఒక్కటే లైను. కురుమయ్య ముద్ర కురుమయ్యదేనా?

తల్లీ, ఆ కాగితం నా ముందు ఎంతసేపు ఉందో నాకు తెలియదు. గోడగడియారం ఎదురుగానే ఉంది, చూసే ధైర్యం లేదు. అబద్ధం రాస్తే ఎట్లా ఉంటుందని కూడా అనుకున్నాను. యాభై ఏడు ఇళ్లు అప్పటికే గట్టెక్కేటట్టున్నాయి. ఒక్క "అవును" చాలు. ఈరమ్మక్క నా భుజం మీద వేలితో పొడిచింది. "రాయి" అన్నట్టు. రాశాను. నాది అని రాశాను. చెట్టు, మూడు పిలుపులు, అన్నీ రాశాను. పేజీ వెనక్కి కూడా తిప్పాను.

ఈరమ్మక్క లేచి తన అర్జీ ఇచ్చింది. నకలు నా దగ్గరుంది, నీకు ఇక్కడ దించుతున్నాను. ఒక్క మాట నాది కాదు:

"నేను ఈరమ్మను. అర్జీ పెట్టిననాడు నా మొగడు లేడు. ఏట్ల పోయిండు. ఆయన బతికున్నట్టు రాయించింది నేను. రాసినాయన నా ఇంటికి నాలుగు గోడలు కావాలని రాసిండు. పాత ఇల్లు కట్టింది నేను, కొత్త ఇల్లు కట్టింది నేను. మునిగింది నా ఇల్లు. రెండిండ్ల మీద ఆయన పేరే ఉంది. ఆయన పేరు కొట్టేస్తే కొట్టేయుండ్రి. నన్ను కొట్టేయకుండ్రి."

మేడం చదివి తన ఫైల్లో పెట్టుకుంది. నా వాంగ్మూలం కింద సంతకం చేయించింది, పక్కన బొటనవేలు కూడా తీసుకుంది. సిరా తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చారు. ఇంకా పూర్తిగా పోలేదు, ఈ కాగితానికి అంటింది, చూడు. యాభై ఏడు అర్జీలు ఒప్పుకుని పట్టాలకు పంపుతామని, ఈరమ్మ దరఖాస్తు విడిగా చూస్తామని, నా సంగతి పై అధికారులకు రాస్తామని కాగితం మీద రాసి ఇచ్చింది.

బస్సు వచ్చింది.

మీ నాయిన

*

కొత్త ఏటిపల్లి,
2024 డిసెంబరు 3.

బంగారు తల్లి సుహాసినికి,

నువ్వు చల్లగా ఉన్నావని, వచ్చే వారం వస్తున్నావని చదివి పండుగ చేసుకున్నాం. నిజంగానే చేసుకున్నాం, మీ అమ్మ భక్ష్యాలు చేసింది.

నెలన్నరగా మా ఇద్దరికీ ఒకటే పని. పొద్దున పదకొండుకు టపా తెచ్చే అమ్మాయి లావణ్య సైకిలు మలుపు తిరగగానే నేనూ ఈరమ్మక్కా అరుగు మీద లేచి నిలబడతాం. ఆ పిల్ల దూరం నుంచే చెయ్యి ఊపి లేదంటుంది. మళ్లీ కూర్చుంటాం. ముప్పై నాలుగేళ్లు నేను ఎన్ని అరుగుల ముందు అట్లా చెయ్యి ఊపి పోయానో! ఒక్కసారైనా సైకిలు దిగలేదు.

ఇవాళ లావణ్య సైకిలు దిగింది. రెండు కవర్లు. ఒకటి నాకు, ఒకటి ఈరమ్మక్కకు. రెండూ లావణ్యకే తిరిగిచ్చాను. ఆ పిల్లే చింపింది.

ఈరమ్మక్కది: పాత ఊళ్లో ఇల్లు ఆమె స్వాధీనంలో ఉన్నట్టు ఒప్పుకున్నారు. పట్టా ఆమె పేరు మీదనే ఇస్తారు. ఈ నెల పన్నెండున జాగా కొలవడానికి వస్తున్నారు. నాది: తప్పుడు ముద్ర వేసిన విషయంలో పంతొమ్మిదిన గద్వాలకు వచ్చి జవాబు చెప్పుకోవాలి. ఇంకేమీ రాయలేదు. ఏం చేస్తారో రాయలేదు.

ఈరమ్మక్క కవరు తన చేతిలోకి తీసుకుని పైనున్న రాతను వేలితో తడిమింది. "గిది ఏంది?" అంది. నీ పేరక్కా అన్నాను. చదవమంది. చదివాను. మళ్లీ చదవమంది. కురుమయ్య భార్య అని లేదా అని అడిగింది. లేదు, నీ పేరొక్కటే అన్నాను. మూడోసారి చదివించుకుంది. ఆ తర్వాత నా మొహం చూసి, నా చేతిలో కాగితం చూసి, చెవి దగ్గరకు వచ్చింది.

"నిన్ను జైలుకు గిట్ల పంపుతరా ఏంది?"

"తెల్వదక్కా. బయమైతుంది."

"నాకు గూడ అయితుంది. పంపితే మొదటి బస్సుకు జొన్నరొట్టె నేను తెస్త, నీ పెండ్లాం బాలనాగమ్మను తిప్పలు పెట్టకు. పోయే ముందల ఒక పని చెయ్యి. నా పేరు ఇంకోసారి సదువు."

నాలుగోసారి చదివాను.

మీ నాయిన,
మాసయ్య